వ్రాసితిననుట వేరు, నిలిచియుండుట వేరు

కంప్యూటరుపై ఒక మార్కుల పట్టికనో, ఉత్తరమునో సిద్ధముచేసి, దానిని భద్రపరచుమని ఆజ్ఞాపించినచో రెప్పపాటులో పని ముగిసినట్లు తెరమీద కనబడును. సరిగా ఆ క్షణముననే కరెంటు పోయినదనుకొందము. తిరిగి వచ్చిన పిమ్మట తెరచి చూచినచో ఆ పట్టిక యథాతథముగా ఉండవచ్చును. మార్పులకు ముందున్న పాత పట్టికయే ఉండవచ్చును. సగము క్రొత్తది, సగము పాతదిగా ఉండవచ్చును. ఒక్కొక్కప్పుడు ఆ ఫైలే తెరచుకొనకపోవచ్చును. యంత్రము పని ముగిసినదని చెప్పినది గదా, మరి ఆ వ్రాత యేమైనది?

తెలుగు సీమకు వెలుపలనున్న మన తెలుగు బడులకు ఈ ప్రశ్న కొంత ఎక్కువగా పట్టవలసినది. మనకు కావలసిన ప్రశ్నపత్రములు, పాఠపు నోట్సులు, అభ్యాసములు బజారులో తరచుగా దొరకవు. ఉపాధ్యాయులే కూర్చుండి టైపు చేసికొందురు. అట్టి ఫైలొకటి చెడినచో మరియొక ప్రతిని ఎవరినడిగి తెచ్చుకొనగలము? కావున కంప్యూటరు "వ్రాసితిని" అనినప్పుడు ఆ మాటకు ఎంత విలువ యీయవచ్చునో తెలిసికొనుట అవసరము.

నేడు కొనుచున్న కంప్యూటర్లలో పెక్కింటియందు సమాచారమును నిలుపు భాగము ఎస్.ఎస్.డి. ఘనస్థితి నిల్వపరికరమని ఆ పేరునకు తెలుగు చేయవచ్చును గాని, అంగడిలో ఆ మాట చెప్పినచో ఎవరికిని తెలియదు, మనమును ఎస్.ఎస్.డి. అనియే వ్యవహరింతము. దీనికి ముందు ఆ స్థానమున హార్డ్ డిస్కు ఉండెడిది, నేటికిని కొన్నిచోట్ల ఉన్నది. 1956లో ఐ.బి.ఎం. సంస్థవారు వెలువరించిన మొదటి డిస్కు యంత్రమునందు 24 అంగుళముల వ్యాసముగల 50 పళ్లెములు తిరుగుచుండెను. అంత పెద్ద యంత్రము 50 లక్షల అక్షరములను మాత్రమే నిలుపగలిగెను. ఎస్.ఎస్.డి.లో తిరుగునది, కదలునది ఏదియు లేదు. పలుచని పలకపై అతికిన కొన్ని నల్లని చిప్పులు మాత్రమే కనబడును. ఆ చిప్పులలో రెండు జాతులున్నవని తెలిసికొనినచో సగము విషయము తెలిసినట్లే.

మొదటి జాతి డీరామ్. ఇందులో ఒక్కొక్క బిట్టును ఒక అతిసూక్ష్మమైన కెపాసిటరు తనలోని విద్యుదావేశముచే గుర్తుంచుకొనును. ఆ ఆవేశము నిలువదు. చిల్లికుండలోని నీటివలె కారిపోవుచుండును. అందువలన సుమారు ప్రతి 64 మిల్లీసెకన్లకు ఒకమారు అరలన్నింటిని చదివి తిరిగి నింపుచుండవలెను. కరెంటు పోయినచో నింపువారు లేరు, వ్రాసినదంతయు చెరిగిపోవును. అయినను దీనిపై వ్రాయుట కడు తేలిక. దీనిని మన చిన్ననాటి పలకతో పోల్చవచ్చును. బలపముతో చకచక వ్రాయవచ్చును, తుడిచి మరల వ్రాయవచ్చును. పలకమీది వ్రాత మాత్రము రేపటికుండునని నమ్మరాదు.

రెండవ జాతి నాండ్ ఫ్లాష్. దీని పుట్టుక ఆసక్తికరమైనది. 1967లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలయందు డావన్ కాంగ్, సైమన్ జీ అను శాస్త్రజ్ఞులు ట్రాన్సిస్టరులో నలువైపుల విద్యుద్బంధకముచే మూయబడిన ఒక చిన్న వాహకపు అరను అమర్చి, దానిలోనికి ఎలక్ట్రానులను పంపి బంధింపవచ్చునని చూపిరి. జపానులోని తోషిబా సంస్థయందు పనిచేసిన ఫుజియో మసువోకా ఆ సూత్రమునే గ్రహించి, పెక్కు అరలను ఒక్కమారుగా తుడిచివేయు క్రొత్త స్మృతిచిప్పును 1984లో ప్రకటించెను. ఆ తుడుపు కెమెరా ఫ్లాషు వెలుగునకు పోలియున్నదని సహోద్యోగి యొకడు సూచించుటచే దానికి ఫ్లాష్ అను పేరు వచ్చినది. నాండ్ అను రూపము 1987లో వెలువడినది. నేటి చిప్పులలో నిర్మాణము చాల మారినది గాని, ఎలక్ట్రానులను బంధించి ఉంచుటయను మూలసూత్రము మారలేదు. బంధకపు గోడలున్నందున కరెంటు లేకున్నను ఆవేశము ఎక్కడికిని పోదు. అందుచేతనే ఇది తాటాకు గ్రంథము వంటిది. గంటముతో చెక్కిన అక్షరము నిలుచును.

నిలుచును గాని, చెక్కుట తేలిక కాదు. బంధకపు గోడగుండ ఎలక్ట్రానులను లోనికి నెట్టుటకు సుమారు 20 వోల్టుల పీడనము కావలెను. ఆ గోడలో రంధ్రమేదియు లేదు. గోడను దాటు శక్తి లేకున్నను ఎలక్ట్రాను ఆవలి ప్రక్కకు చేరుటను క్వాంటము శాస్త్రము మాత్రమే వివరింపగలదు. లోహమునుండి ఎలక్ట్రానులు అట్లు వెలువడుటను ఫౌలర్, నోర్డ్‌హైమ్ అనువారు 1928లో లెక్కకట్టి చూపిరి. పై తరగతులకు పోయిన పిమ్మట విద్యార్థులు దీనిని తప్పక చదువవలెను.

ఇంకొక చిక్కు కలదు. ఒక అరలో ఒక బిట్టును మాత్రమే ఉంచినచో ఆవేశమున్నదా లేదా యని చూచిన చాలును. చౌకగా ఎక్కువ నిలుపవలెనను కోరికచే నేడు ఒక్కొక్క అరలో మూడు బిట్లను, కొన్నింట నాలుగు బిట్లను ఉంచుచున్నారు. మూడు బిట్లకు 8 మట్టములు, నాలుగింటికి 16 మట్టములు అవసరమగును. ఒక చిన్న గిద్దెలో పదునారు గీతలు గీసి, సరిగా కావలసిన గీతవరకే నూనె పోయుమనినచో అంగడివాడు ఏమిచేయును? కొంచెము పోసి చూచును, మరికొంచెము పోసి మరల చూచును. ఎక్కువైనచో తిరిగి తీయుటకు వీలులేదు గనుక చాల జాగ్రత్తగా పోయును. చిప్పులోను ఇదియే పద్ధతి. చిన్నచిన్న విద్యుత్ తాకిడులతో నింపుచు, ఒక్కొక్క తాకిడి తరువాత కొలుచుచు పోవలెను. అందుచేత చదువుటకు కొన్ని పదుల మైక్రోసెకన్లు చాలినచోట, వ్రాయుటకు కొన్ని వందల మైక్రోసెకన్లు మొదలు మిల్లీసెకనుకు పైగా పట్టును. తుడుచుటకు కొన్ని మిల్లీసెకన్లు కావలెను.

తాటాకుపై చెక్కిన అక్షరమును దిద్దరాదు గదా, ఫ్లాషునందును అంతే. వ్రాసిన పుటపై మరల వ్రాయరాదు. వ్రాయుట పుటలవారీగా జరుగును. పుట తరచుగా 16 కిలోబైట్లుండును. తుడుచుటయో ఖండములవారీగానే జరుగును; ఒక్క ఖండము కొన్ని మెగాబైట్లుండును. ఒక్క అక్షరము మార్చుటకు మెగాబైట్ల ఖండమును తుడిచి తిరిగి వ్రాయుట వెఱ్ఱితనము. కావున ఎస్.ఎస్.డి.లోని కంట్రోలరు చిప్పు ఒక ఉపాయము పన్నును. దానిని మనము వ్రాయసకాడని పిలుచుకొందము. అతడు పాత పుటను అట్లే వదలి, మార్చిన వ్రాతను వేరొక ఖాళీ పుటలో చెక్కి, "ఫలాని సమాచారము ఇకమీదట ఫలాని చోట నున్నది" అని ఒక సూచికలో గుర్తుపెట్టుకొనును. పనికిరాని పుటలు పేరుకొనినప్పుడు తీరికగా తుడిచికొనును.

ఆ సూచిక యెంత పెద్దదో లెక్కవేసి చూతము. ఒక టెరాబైటు ఎస్.ఎస్.డి.ని 4,096 బైట్ల ముక్కలుగా విభజించినచో సుమారు 24 కోట్ల 40 లక్షల ముక్కలగును. ఒక్కొక్క ముక్క చిరునామాకు 4 బైట్లు చొప్పున సుమారు ఒక గిగాబైటు కావలెను. అందుచేతనే ఒక టెరాబైటు డ్రైవులో ఒక గిగాబైటు డీరామ్ చిప్పు ఉండుట వాడుక. కొన్ని చౌక డ్రైవులు ఆ చిప్పును మాని, కంప్యూటరు స్మృతిలోనే కొంత చోటు అరువు తెచ్చుకొనును. ఏవిధముగనైనను గ్రంథము తాటాకుపై నున్నను, పని జరుగుచుండగా దాని సూచికలో క్రొత్త మార్పులు మొదట పలకపైననే ఉండునని గుర్తుంచుకొనవలెను.

ఇప్పుడు వేగపు రహస్యము తెలియవచ్చును. కంప్యూటరు ఒక ముక్కను వ్రాయుమని పంపగానే వ్రాయసకాడు దానిని పలకపై దింపుకొని, వెంటనే "ముట్టినది" అని రసీదు ఇచ్చివేయును. తాటాకుపై చెక్కుట తరువాత తీరికగా జరుగును. ఇందులో మోసము లేదు. పెక్కు చిన్న ముక్కలను కూడబెట్టి ఒక నిండుపుటగా చెక్కుట, పెక్కు చిప్పులపై ఒక్కమారే పనిచేయించుట అతనికి వీలగును. డబ్బాపై అచ్చువేసిన సెకనుకు వేల మెగాబైట్ల వ్రాతవేగమునందు ఈ ముందస్తు రసీదు పాత్ర చాల గలదు. రసీదునకును చెక్కుటకును నడుమ గడచు కాలము స్వల్పము. ఆ స్వల్పకాలములో కరెంటు పోవుటయే మన చర్చనీయాంశము.

పోయినది పలకమీది నాలుగు పంక్తులే అయినచో అంత చింతింపనక్కరలేదు. నష్టము మూడు విధములుగా విస్తరింపగలదు. రసీదు ఇచ్చిన క్రొత్త వ్రాత పోవుట మొదటిది. సూచికలోని మార్పులు పోవుట రెండవది. అప్పుడు సమాచారము తాటాకుపై నున్నను, ఏ ఆకుపై నున్నదో తెలియదు. మూడవది వినుటకు వింతగా నుండును. ఒకే అరలో రెండు, మూడు బిట్లుండునని చెప్పితిని గదా. ఆ బిట్లను వేర్వేరు సమయములలో వ్రాయు చిప్పులు కలవు. అట్టిదానిలో మొదటి బిట్టు గత మాసము చెక్కబడినది, నేడు రెండవ బిట్టును చెక్కుచుండగా నడుమ కరెంటు పోయినదనుకొనుడు. అరలోని మట్టము ఎటుగాని చోట నిలిచిపోయి, గత మాసపు బిట్టు సైతము చెడును. తాకని పాత ఫైలు చెడుట ఈవిధముగా సంభవింపగలదు.

పోయిన దానికంటె క్రమము తప్పుట మరింత ప్రమాదకరము. ఒక దుకాణపు గుమాస్తా మొదట చిఠ్ఠాలో వ్రాసి, పిమ్మట ఖాతా పుస్తకములో ఎక్కించును. నడుమ ఏమైనను చిఠ్ఠా చూచి ఖాతాను సరిచేసికొనవచ్చును. ఖాతా ముందు, చిఠ్ఠా తరువాత అయినచో సరిచూచుకొనుటకు ఆధారమే లేదు. కంప్యూటరులోని ఫైలు పద్ధతులును, బ్యాంకుల లెక్కలను ఉంచు డేటాబేసులును ఈ చిఠ్ఠా పద్ధతినే అనుసరించుచున్నవి. పలకనుండి తాటాకునకు ఎక్కించునప్పుడు తన సౌకర్యమునుబట్టి వ్రాయసకాడు వరుస మార్చుచుండును. అందుచే కంప్యూటరు అతనికి అప్పుడప్పుడు ఒక ఆజ్ఞ పంపును: "ఇంతవరకు ఇచ్చినదంతయు తాటాకుపై చెక్కి, అటుపిమ్మట మాత్రమే బదులు చెప్పుము." దీనికి ఫ్లష్ అని పేరు. ఈ ఒక్క ఆజ్ఞపైననే సమాచార భద్రత యంతయు ఆధారపడియున్నది.

వేగమునకు శత్రువును ఇదియే. ఫ్లష్ పంపిన ప్రతిమారు కంప్యూటరు చేతులు కట్టుకొని నిలువవలెను. లెక్కకై ఒక్కొక్క ఫ్లష్‌కు 2 మిల్లీసెకన్లనుకొందము. ఒకదాని వెనుక నొకటిగా సెకనుకు 500 మాత్రమే జరుగును. ఒక్కొక్క మారు 4 కిలోబైట్లే వ్రాసినచో అది సెకనుకు 2 మెగాబైట్లు. డబ్బాపై వేలున్నచోట రెండు! ఈ వ్యత్యాసమును చూచి కొందరు ఫ్లష్‌ను తప్పించుకొనుటకు దారులు వెదకుదురు. లినక్సులో ఎక్స్‌ట్3 అను పాత ఫైలు పద్ధతియందు ఈ రక్షణ చాలకాలము స్వతహాగా అమర్చబడియుండలేదు. వేగము తగ్గునను భయమే అందులకు కారణము. 2008లో వచ్చిన ఎక్స్‌ట్4లో దానిని స్వతహాగా అమర్చిరి. ఆపిల్ సంస్థవారి మాక్ కంప్యూటర్లలో ఎఫ్‌సింక్ అను సామాన్యమైన ఆజ్ఞ సమాచారమును డ్రైవునకు చేర్చును గాని, డ్రైవు తన పలకను ఖాళీచేయుననుటకు హామీ యీయదు. అందులకు వేరొక గట్టి ఆజ్ఞ ఉన్నదని ఆ సంస్థవారే తమ పత్రములలో తెలిపియున్నారు. విండోసులో సైతము ఈ ఫ్లష్‌ను ఆపివేయు ఒక గడి కలదు. దానికి టిక్కు పెట్టినచో వేగము పెరుగునని చెప్పు మిత్రులుందురు. పెరుగుట నిజమే, దేనిని అమ్మి ఆ వేగమును కొనుచున్నారో వారు చెప్పరు.

అసలు డ్రైవులు ఈ పరీక్షలో ఎట్లు నిలిచినవి? అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయము, హెచ్.పి. ప్రయోగశాలలకు చెందిన పరిశోధకులు దీనిని ఊహకు వదలక చేతలతో తేల్చిరి. ఐదుగురు తయారీదారుల 15 ఎస్.ఎస్.డి.లను తీసికొని, వ్రాత జోరుగా సాగుచుండగా మరల మరల కరెంటు తెగగొట్టు సాధనమును నిర్మించి, ప్రతిమారును వ్రాసినదేది, మిగిలినదేది యని సరిచూచిరి. 2013లో వారు ప్రకటించిన ఫలితములో 15లో 13 ఏదో యొక తప్పు చేసినవి. కొన్నింట బిట్లు చెడెను. కొన్నింట ఒకే వ్రాత సగము మాత్రమే పడెను. కొన్ని ముందుదానిని పోగొట్టి వెనుకదానిని నిలిపెను. ఒకదానిలో సుమారు మూడవవంతు సమాచారము అందకుండ పోయెను. మరియొకటి కంప్యూటరునకు కనబడుటయే మానివేసెను. ఆ డ్రైవులు పాతతరమువి, నేటివి చాల మెరుగుపడినవనుట న్యాయమే. అయినను పెక్కువిధముల డ్రైవులు వేగపు పరీక్షలో నెగ్గి ఈ పరీక్షలో ఓడుననుట అప్పటికి స్పష్టమైనది.

హార్డ్ డిస్కునకు ఈ సందర్భమున ఒక ఆధారముండెడిది. కరెంటు పోయినను పళ్లెములు ఒక్కసారిగా ఆగవు. ఆ తిరుగుడునే జనరేటరువలె వాడుకొని, వ్రాతముల్లును పళ్లెముపైనుండి సురక్షితమైన చోటికి లాగుకొనుటకు చాలినంత విద్యుత్తును అది ఉత్పత్తి చేసికొనును. కదలని ఎస్.ఎస్.డి.కి అట్టి మిగులుశక్తి యెక్కడిది? దానిని ముందుగా దాచియుంచవలెను. దాచుటకు కెపాసిటరు తగినది.

భౌతికశాస్త్రము చదువు విద్యార్థులకిది మంచి లెక్క. కెపాసిటరులోని శక్తి, దాని ధారణసామర్థ్యమును వోల్టేజి వర్గముచే గుణించి సగము చేసినంత. వేయి మైక్రోఫారడుల ధారణను 30 వోల్టులవరకు నింపినచో 0.45 జౌలుల శక్తి నిలువయుండును. డ్రైవునకు 9 వాట్టులు కావలెననుకొనినచో ఆ శక్తి 50 మిల్లీసెకన్లు వచ్చును. అదే కెపాసిటరును 5 వోల్టులకే నింపినచో వర్గసూత్రము ననుసరించి శక్తి 36వ వంతు, కాలము మిల్లీసెకనున్నర కంటె తక్కువ. ఒక్క తుడుపునకైనను చాలదు. కావుననే ఈ రక్షణగల డ్రైవులలో వోల్టేజిని పెంచి నింపు వలయమును అమర్చుచున్నారు. ఆచరణలో శక్తియంతయు చేతికి రాదు, కొంత వృథాయగును, అయినను సూత్రమిదియే. 50 మిల్లీసెకన్లు మనకు లెక్కలోనిది కాదు. వ్రాయసకాడు అంతలో వచ్చుచున్న పనులను ఆపి, పలకమీది వ్రాతను, సూచికలోని మార్పులను తాటాకుపై చెక్కి కన్నుమూయగలడు.

ఇక్కడనే వినదగిన విశేషమున్నది. రక్షణ పెరిగినచో వేగము తగ్గునని సామాన్యముగా ఊహింతుము. తలుపునకు రెండు తాళములు వేసినచో తెరచుట ఆలస్యమగును గదా! ఎస్.ఎస్.డి. విషయమున అది తలక్రిందులైనది. కెపాసిటరులున్న డ్రైవులో పలకమీదికి చేరిన వ్రాత చెరుగదు. చెరుగకముందే చెక్కుటకు శక్తి సిద్ధముగా నున్నది. కావున ఫ్లష్ ఆజ్ఞ వచ్చినప్పుడు చెక్కువరకు ఆగనవసరము లేదు. వెంటనే "నిలిచినది" అని నిజాయితీతో చెప్పవచ్చును. ఒక్కొక్క బదులునకు 25 మైక్రోసెకన్లనుకొనినచో, ఇందాకటి లెక్కలో సెకనుకు 500 జరిగినచోట 40,000 జరుగును. ఫ్లష్ లేని వ్రాతలో రెండు డ్రైవులును ఇంచుమించు సమానముగా పరుగెత్తును. ఫ్లష్ కలిసిన వ్రాతలో ఒకటి నడచును, రెండవది పరుగెత్తును. కెపాసిటరు వేగమును పెంచినదనుటకంటె, అబద్ధము చెప్పవలసిన అవసరమును తొలగించినదనుట సరియైనది.

బ్యాంకుల యంత్రశాలలలో ఇట్టి డ్రైవులనే కోరుకొనుటకు కారణమిది. ఫోనుద్వారా సొమ్ము పంపి "చెల్లింపు పూర్తియైనది" అను మాటను చూచిన వానికి, ఆ మాట కరెంటు పోయినను చెల్లవలెను. 1983లో హెర్డర్, రాయిటర్ అను జర్మను శాస్త్రజ్ఞులు డేటాబేసులకుండవలసిన నాలుగు గుణములకు ఆసిడ్ అను కూర్పుపేరు పెట్టినప్పుడు, అందులో నాలుగవది ఈ నిలకడయే. లక్షల చెల్లింపులు ఒక్కొక్కటి ఒక చిన్న ఫ్లష్‌ను కోరునచో, 500నకు 40,000నకు గల భేదము చిన్నది కాదు.

అయినచో కెపాసిటరున్న చాలునా? అదియు చాలదు. 2011లో ఇంటెల్ సంస్థవారు 320 అను పేరుగల ఎస్.ఎస్.డి.ని వెలువరించిరి. సామాన్యులకు అమ్మిన డ్రైవే అయినను కరెంటు పోక నుండి కాపాడు కెపాసిటరులు దానిలో ఉండెను. అయినను ఆకస్మికముగా కరెంటు పోయి వచ్చిన పిమ్మట కొందరి డ్రైవులు తమ పరిమాణమును 8 మెగాబైట్లని చెప్పుకొనసాగినవి. సమాచారము అందకుండ పోయెను. దోషము కెపాసిటరులది కాదు, వ్రాయసకానికి నేర్పిన పాఠములో, అనగా ఫర్మ్‌వేర్‌లో, ఉండెను. ఆ సంస్థ దానిని అంగీకరించి, ఆ యేడు ఆగస్టులో సవరించిన ఫర్మ్‌వేర్‌ను వెలువరించెను. ఇందునుబట్టి రక్షణ అనునది ఒక భాగమును అతికించుటతో తీరునది కాదనియు, తిరిగి మేలుకొనినప్పుడు ఏమిచేయవలెనో వ్రాయసకానికి బాగుగా తెలిసియుండవలెననియు విశదమగును. కెపాసిటరులును కాలక్రమమున బలహీనపడును. మేలైన డ్రైవులు వానిని అప్పుడప్పుడు తామే పరీక్షించుకొనుచుండును.

తల్లిదండ్రులలో కంప్యూటరు కొనబోవువారికి కొన్ని మాటలు. ఇండ్లలో వాడు సామాన్యపు ఎస్.ఎస్.డి.లలో ఈ పూర్తి రక్షణ అరుదు. ధర యొక్కటే కారణము కాదు. 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవుగల పట్టీపై అన్ని కెపాసిటరులకు చోటు దొరకుట కష్టము. కొన్నింటి డబ్బాలపై కరెంటు పోక నుండి రక్షణ యని వ్రాసియుండును. అట్టిచోట్ల అది తరచుగా మునుపే చెక్కియున్న వ్రాతకు మాత్రమే వర్తించును, పలకపై నున్నదానికి కాదు. ఇది తక్కువ మేలు కాదు గాని, రెండును ఒకటి కావు. అడిగి తెలిసికొనవలెను.

ల్యాప్‌టాపులో బ్యాటరీ యున్నందున కరెంటు పోయినంత మాత్రమున డ్రైవునకు ఆపద రాదు; బ్యాటరీ చచ్చిన పాత ల్యాప్‌టాపును తీగపైననే ఆధారపడి నడుపువారు మాత్రము ఈ ధైర్యము పెట్టుకొనరాదు. బల్లపై నుండు కంప్యూటరునకు యు.పి.ఎస్. ఉండుట మంచిది. అది కొన్ని నిమిషముల గడువిచ్చును. ఆ గడువులో పని ముగించి యంత్రమును పద్ధతిగా ఆపవలెను. యు.పి.ఎస్. అరచుచుండగా ఆటలాడుకొను పిల్లలకు ఈ మాట ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. బొత్తామును కొన్ని సెకన్లు నొక్కిపట్టి యంత్రమును ఆర్పుటయు డ్రైవునకు ఇంచుమించు కరెంటు పోయినట్లే.

మరియొక సంగతి. ఇంతవరకు డ్రైవులోని పలకను గూర్చియే చెప్పితిని. కంప్యూటరులోను ఒక పెద్ద పలక కలదు, అదియే ర్యామ్. ఫ్లష్ కోరని వ్రాతలను అది తనయొద్దనే కొంతసేపు ఉంచుకొనును. లినక్సులో ఇది స్వతహాగా సుమారు 30 సెకన్లవరకు ఉండవచ్చును. డ్రైవులో ఎన్ని కెపాసిటరులున్నను, డ్రైవునకు చేరని వ్రాతను అవి కాపాడలేవు. పెన్‌డ్రైవు విషయములో దీనిని మనము రోజును చూడవచ్చును. నకలు ముగిసినట్లు కనబడినను, తీయుటకు ముందు సురక్షితముగా తొలగించు ఆజ్ఞ యీయుమని చెప్పుట ఇందులకే. 2018లో వచ్చిన విండోస్ 10 యొక్క 1809వ కూర్పునుండి మైక్రోసాఫ్టువారు బయట తగిలించు డ్రైవులకు ఆ పలకను వాడకుండుటయే స్వతహాగా అమర్చిరి. వేగము కొంత తగ్గినను, తొందరపడి లాగివేయువారి ఫైళ్లు దక్కవలెనని వారి యెంపిక. ఇండ్లలో, బడులలో వాడుకకు ఆ యెంపిక సరియైనదనియే నా అభిప్రాయము.

నేటి ఎన్‌వీఎంఇ జాతి ఎస్.ఎస్.డి.లు ఒక చిన్న లెక్కను తమలోనే వ్రాసికొనుచుండును. ఎన్నిమారులు తమకు ముందుగా చెప్పక కరెంటు తీసివేసిరో ఆ సంఖ్య అది. డ్రైవు ఆరోగ్యమును చూపు ఉచిత ప్రోగ్రాములు ఏవైనను దానిని తెరపై చూపగలవు. "అన్‌సేఫ్ షట్‌డౌన్స్" అను మాటకు ఎదురుగా వెదకవలెను. ప్రక్కనే ఎన్నిమారులు వెలిగించిరో ఆ సంఖ్యయు ఉండును. రెండింటిని పోల్చి చూచినచో ఆ కంప్యూటరును ఇంటిలోనివారు ఎట్లు ఆర్పుచున్నారో తెలిసిపోవును. విద్యార్థులు తమ బడిలోని, ఇంటిలోని యంత్రములలో ఆ రెండు అంకెలను చూచి వ్రాసికొని, మరుసటి మాసము తిరిగి చూడవచ్చును. ఆ సంఖ్య వేగముగా పెరుగుచున్న యంత్రములో ముఖ్యమైన ఫైళ్లున్నచో, వానికి వేరొక డ్రైవుపై నకలు తీసియుంచు పనిని నేడే మొదలుపెట్టుడు.